చిత్రిక

కిందటేడు మా యింటి పాత ఉయ్యాలబల్ల మెలితిరిగిపోయింది. బెంగుళూరులో మాకు దగ్గరి వడ్రంగి కొట్టుకు దానిని మోయించుకుపోయి, "చిత్రిక పట్టాలండీ" అన్నాము. ఆయన తెల్లబోయి చూశారు. పనిముట్టు చూపించిన తరువాతగాని మాట కలవలేదు. ఆయనకది కీసుళి.

కన్నడంలో కీసుళి, తమిళంలో ఇళైప్పుళి. రెండింటి చివరా ఉలి దాగివున్నది. ఉర్దూ మాట్లాడేవారి రందా పారశీకపు మాట. మన చిత్రిక వీటిలో దేనితోనూ కలవదు. పైగా నేడు పత్రికలలో "జీవితాన్ని చిత్రిక పట్టిన కథ" అని చదివి, అది చిత్రలేఖనానికి చెందిన మాట అనుకునేవారే మనలో ఎక్కువ. వడ్రంగి చేతిమాట అని మా పిల్లలకు మేము కూడా చెప్పివుండలేదు.

పనిముట్టు మాత్రం చాలా పాతది. క్రీ.శ. 79లో అగ్నిపర్వతపు బూడిదలో కప్పబడిన పాంపే నగరంలో చిత్రికలు దొరికినవి. ఇనుప చిత్రికలో కత్తిని మర తిప్పి దించే పద్ధతి అమెరికాలో లియోనార్డ్ బెయిలీ రూపొందించినది. 1869లో స్టాన్లీ కంపెనీ ఆయన హక్కులు కొన్నది. మన వడ్రంగులు నేలమీద కూర్చుండి, కాళ్ళతో చెక్కను అదిమిపట్టి పనిచేసేవారు. నిలబడి పనిచేసే బల్ల యూరపువారి కార్ఖానాలతోను, పారిశ్రామిక పాఠశాలలతోను వ్యాపించింది.

ఆ కొట్టులో అటువంటి బల్లే వున్నది. ఆయన మా చెక్కను దానిమీద పెట్టి, రెండు చివరలా రెండు తిన్నని బద్దలు అడ్డంగా నిలిపి, ఒక కన్ను మూసి చూశారు. బద్దల అంచులు కలవకుండా కత్తెరవలె కనబడినవి. ఎత్తుగా వున్న రెండు ఎదురు మూలలకు పెన్సిలు గీత పెట్టి, ముందు అక్కడే ఐమూలగా తోశారు. తరువాత పొడుగు చిత్రిక తీశారు. పొట్టిది పల్లంలో దిగి ఎక్కుతుందట. పొడుగుది పల్లం మీదుగా సాగి మెట్టలనే కోస్తుంది. ఎదురు పీచున తోస్తే చెక్క పెచ్చులు లేస్తుంది, కనుక మధ్యలో రెండుమార్లు చెక్కను తిప్పిపెట్టారు. మొదట తునకలుగా రాలిన పొట్టు చివరకు ఈ కొసనుండి ఆ కొసకు ఒకే చుట్టగా వచ్చింది. అంటే చదునైనట్లే.

కరెంటు యంత్రం ఆ మూలనే వున్నది. మెలిక తిరిగిన చెక్కను దానిలో దూర్చితే సన్నబడుతుందేగాని మెలిక పోదని ఆయన అన్నారు.

తిరిగివస్తూ కోట పక్కనున్న టిప్పు వేసవి మహలు చూశాము. 1781లో హైదరాలీ మొదలుపెట్టగా 1791లో టిప్పు పూర్తిచేసినది. ఆ టేకు స్తంభాలను నునుపుచేసిన వడ్రంగుల పేర్లు మనం ఎక్కడా చదవము. వారు తమ పనిముట్టును ఏ భాషలో పిలిచేవారో!

ఉయ్యాల మళ్ళీ గొలుసులకెక్కింది. ఒక మూల అరంగుళం తరిగింది. పిల్లలు పొట్టుచుట్టలు సంచీలో నింపుకొని తెచ్చుకున్నారు. మా పెద్దవాడు మాత్రం ఇంకా కీసుళి అనే అంటున్నాడు.