నలందలో విదేశ విద్యార్థులు

నలందా మహావిహారమును గూర్చి వ్రాసిన గ్రంథములలో పదివేలమంది విద్యార్థులు, పదునైదు వందలమంది ఆచార్యులు అను లెక్క తరచుగా కనబడుచుండును. ఈ లెక్కకు మూలము చైనా యాత్రికుడగు హ్యూన్‌త్సాంగు జీవితచరిత్ర. దానిని రచించిన హ్యూయిలీ ఆయన శిష్యుడే కాని భారతదేశమునకు వచ్చినవాడు కాడు. ఇరువది గ్రంథములను వ్యాఖ్యానింపగలవారు వేయిమంది, ముప్పది గ్రంథములను వ్యాఖ్యానింపగలవారు ఐదువందలమంది, ఏబదింటిని వ్యాఖ్యానింపగలవారు పదిమంది అని హ్యూయిలీ వ్రాసెను. వీరినందరను ఆచార్యులుగా నెంచి కూడినచో వచ్చు సంఖ్యయే ఆ పదునైదు వందలు. హ్యూన్‌త్సాంగు తన యాత్రాగ్రంథమున ‘కొన్నివేలు’ అని మాత్రమే చెప్పినాడు. తరువాత సుమారు నలుబదేండ్లకు వచ్చి, పదేండ్లపాటు అచ్చట చదివిన ఇత్సింగు భిక్షువుల సంఖ్య మూడువేలకు పైబడినదనియు, విహారమున ఎనిమిది శాలలు, మూడువందల గదులు గలవనియు వ్రాసెను. మూడువందల గదులలో మూడువేలమంది యిముడుటయే కష్టము. పదివేలమంది మాట చెప్పనక్కరలేదు. ఇత్సింగు లెక్కయే నమ్మదగినదని నా యభిప్రాయము.

నలంద కీర్తిని తగ్గించుటకై ఈ ప్రస్తావన తెచ్చుట లేదు. ఈ వివాదమున ఉభయపక్షముల సాక్ష్యమును చైనీయుల వ్రాతలనుండియే వచ్చుచున్నదను సంగతి గమనింపదగియున్నది. నలందలో దొరకిన ముద్రికలు, శిలాతామ్రశాసనములు దాతల పేర్లను, ఆలయ నిర్మాణములను దెలుపును. అచ్చటి విద్యార్థి ఏమి చదివెను, ఏమి తినెను, ఎట్లు జబ్బుపడెను, ఇంటికి మరలెనా లేదా అను విషయములు మాత్రము పరదేశమునుండి చదువుకొన వచ్చినవారి వ్రాతలలోనే మనకు లభించుచున్నవి. మనము వాటిని మన ప్రాభవమునకు సాక్ష్యముగా చదువుట కలవాటుపడితిమి. ఆ విద్యార్థుల జీవితమునకు సాక్ష్యముగా చదివినచో మరియొక చరిత్ర గోచరించును.

విదేశ విద్యార్థికి మొదటి యడ్డంకి భాష. ఇత్సింగు 671లో గ్వాంగ్జౌ రేవునందు ఒక పారసీక నౌక నెక్కి, ఇరువది దినములు నిండకమునుపే సుమత్రా ద్వీపమునందలి శ్రీవిజయమునకు చేరెను. అచ్చట ఆరు నెలలు నిలిచి శబ్దవిద్య నభ్యసించెను. 673లో తామ్రలిప్తి రేవునకు వచ్చిన పిమ్మటను నేరుగా నలందకు పోలేదు. సుమారొక యేడు అచ్చటనే యుండి సంస్కృతము చదివెను. శ్రీవిజయమున వేయిమందికి పైగా భిక్షువులు గలరనియు, అచ్చటి ఆచారములు మధ్యదేశపు ఆచారములవంటివే యనియు, భారతదేశమునకు పోదలచిన చైనా భిక్షువు ఒకటి రెండేండ్లు అచ్చట సాధనచేసి పోవుట మేలనియు ఆయన తన దేశీయులకు సలహా యిచ్చెను. తనవలె దారి వెదకికొను శ్రమ రాబోవువారికి తప్పవలెనను తలంపు ఆ సలహాలో గలదు.

ఆయన చెప్పిన వ్యాకరణ పాఠక్రమము మన పండితులు గమనింపదగినది. ఆరేండ్ల బాలురు సిద్ధమను వర్ణమాలా గ్రంథమును ఆరు నెలలలో ముగింతురు. ఎనిమిదేండ్లవారు పాణిని సూత్రములను ఎనిమిది నెలలలో కంఠస్థము చేయుదురు. పదేండ్ల ప్రాయమున ఖిలములను మూడేండ్లు శ్రమించి నేర్తురు. పదునైదేండ్లకు జయాదిత్యుని వృత్తిని ఆరంభించి ఐదేండ్లకు గ్రహింతురు. అమరమును, శబ్దమంజరిని వల్లెవేసిన తరమువారికి ఇది వింతగా తోచదు. కాని ఇత్సింగు బయలుదేరునాటికి ముప్పదియారేండ్లవాడు. స్వదేశమున వినయశాస్త్రమునందు ప్రవీణుడని పేరుపొందినవాడు, ఇచ్చట ఆరేండ్ల బాలుని పాఠముతో మొదలిడవలసి వచ్చెను. చైనానుండి చదువుటకు వచ్చువారు మొట్టమొదట ఈ వ్యాకరణమును నేర్వవలెననియు, లేనిచో పడిన శ్రమ యంతయు వ్యర్థమగుననియు ఆయన హెచ్చరించినాడు. ఆ మాట పుస్తకములు చూచి వ్రాసినది కాదు.

ద్వారమువద్దనే పరీక్ష యుండెనని హ్యూన్‌త్సాంగు వ్రాసెను. పరదేశములనుండి వాదములలో పాల్గొన వచ్చినవారిని ద్వారపాలకుడు కఠినప్రశ్నలడుగగా, పదిమందిలో ఏడెనిమిదిమంది వెనుదిరిగి పోవుచుండిరట. హ్యూన్‌త్సాంగు విషయము మాత్రము వేరు. రాజాజ్ఞను ధిక్కరించి 629 ప్రాంతమున స్వదేశము వీడి, మార్గమధ్యమున కాశ్మీరాది దేశములలో ఏండ్లకొలది చదివి, సుమారు 637లో నలంద చేరునాటికే ఆయన ప్రసిద్ధుడు. వృద్ధాచార్యుడగు శీలభద్రుడు ఆయనకు యోగాచారభూమిశాస్త్రమును పదునైదు నెలలు పాఠము చెప్పెను. విహారము ఆయనకు దినమునకు ఒక మానిక మహాశాలి బియ్యమును, ఇరువది వక్కలను, ఇరువది జాజికాయలను, కొంత కర్పూరమును, మరి నూటయిరువది యొక వస్తువును ఇచ్చెను. ఆ వస్తువు పేరు చైనా అక్షరములలో మారిపోయినందున కొందరనువాదకులు దానిని జంబీరఫలమనిరి. వక్కలు, జాజికాయలు, కర్పూరము ప్రక్కన నుండగా అవి తమలపాకులని తెలిసికొనుటకు తెలుగువానికి నిఘంటువుతో పనిలేదు. తాంబూలముతో సత్కరింపబడిన అతిథిని సామాన్య విద్యార్థికి ప్రమాణముగా గొనుట తగదు. మన పాఠ్యగ్రంథములు అట్లే గొనుచున్నవి.

సామాన్యుల కథ తెలియవలెనన్నచో ఇత్సింగు రచించిన మరియొక గ్రంథమును చూడవలెను. ధర్మాన్వేషణకై పశ్చిమదేశములకు పోయిన యాబదియారుగురు భిక్షువుల చరిత్రలను ఆయన అందు సంగ్రహించెను. వారిలో చైనీయులే కాక కొరియాదేశీయులును గలరు. స్వదేశమునకు మరలినవారు స్వల్పము. హ్యూయియే యను సిల్లాదేశపు భిక్షువు నలందలో బహుకాలము చదివెను. ఇత్సింగు అచ్చటి చైనా గ్రంథములను పరిశీలించుచుండగా, ఒకదాని చివర ‘దంతకాష్ఠవృక్షము క్రింద సిల్లా భిక్షువు హ్యూయియే దీనిని వ్రాసెను’ అను అర్థముగల పంక్తి కనబడెను. విచారింపగా, అరువదేండ్ల ప్రాయమున ఆయన అచ్చటనే గతించెననియు, వ్రాసికొన్న సంస్కృత ప్రతులన్నియు విహారముననే యున్నవనియు భిక్షువులు చెప్పిరి. ఆర్యవర్మ యను మరియొక సిల్లా భిక్షువును నలందలోనే దేహము చాలించెను. నలందలో మూడేండ్లు చదివిన హ్యువాన్‌ఝావో స్వదేశమునకు పోగోరినను, నేపాళ మార్గమును టిబెట్టువారు, కపిశ మార్గమును అరబ్బులు అడ్డగించియున్నందున మధ్యదేశముననే మరణించెను. రాజ్యముల కలహము ఒక విద్యార్థి తిరుగుప్రయాణమును ఆపివేయుట నాడును గలదు.

ఇత్సింగే ఆ జాబితాలో చేరవలసినవాడు. తామ్రలిప్తినుండి వర్తకుల గుంపుతో వచ్చుచు, మహాబోధికి పది దినముల దూరమున జబ్బుపడి వెనుకబడెను. సంధ్యవేళ దొంగలు చుట్టుముట్టి కట్టుబట్టలు సైతము దోచుకొనిరి. తెల్లని దేహచ్ఛాయ గలవారిని బలియిత్తురని విన్నందున, ఆయన బురదగుంటలో దిగి ఒడలెల్ల బురద పూసికొని, ఆకులు కప్పుకొని, కఱ్ఱ ఊతగా నడచెను. రెండవ జామున ఒక యూరు చేరుసరికి, సహచరుడగు మహాయానప్రదీపుడు ఊరి వెలుపల నిలిచి ఆయనకొరకు కేకలు వేయుచుండెను.  తామ్రలిప్తిలో పండ్రెండేండ్లు గడపిన ఆ పెద్దయే ఇత్సింగునకు తొలి ఆశ్రయము. అతడు తుదకు కుశినగరమున గతించెను.

మరి నివాసము మాట. తుఖార, కపిశ, సింహళాది దేశములవారికి భారతదేశమున తమతమ విహారములు గలవు. ఆ దేశములనుండి వచ్చినవారికి అచ్చట ఆశ్రయము సిద్ధముగా నుండెను. చైనావారికి అట్టిది లేదని ఇత్సింగు వ్యథ చెందెను. పూర్వమొకప్పుడు శ్రీగుప్తుడను రాజు చైనా భిక్షువులకై ఒక విహారము కట్టించి, ఇరువదినాలుగు గ్రామముల నిచ్చెనను ఐతిహ్యమును ఆయన వినెను. ఆయన కాలమునకు ఇటుకల పునాదులే మిగిలియున్నవి. స్వదేశీయులు కొందరైనను చేరి బ్రతుకు చోటు లేక దేశదిమ్మరులై చనిపోయిరని ఆయన భావము.

ఈ ఏర్పాటు ఆంధ్రదేశమునందు అంతకు నాలుగువందల యేండ్లకు పూర్వమే యుండెను. నాగార్జునకొండయందలి ఇక్ష్వాకు శాసనములలో ‘సీహళ విహారము’ పేర్కొనబడినది. బోధిశ్రీ యను ఉపాసిక వీరపురుషదత్తుని 14వ రాజ్యసంవత్సరమున తామ్రపర్ణి ఆచార్యులకై చైత్యగృహమును గట్టించెను. సీహళ విహారమున బోధివృక్షమునకు ప్రాసాదమును నిర్మించెను. ఆ దాత రాజు కాడు, ఒక గృహస్థురాలు. నలందలో అట్టి రాజదానము 9వ శతాబ్దిలో కనబడుచున్నది. సువర్ణద్వీప ప్రభువగు బాలపుత్రదేవుడు అచ్చట విహారము కట్టించి కోరగా, పాలరాజగు దేవపాలుడు దాని పోషణకై ఐదు గ్రామముల నిచ్చెను. భిక్షువుల అన్నవస్త్రములు, ఔషధములు, గ్రంథలేఖనము ఆ దానపత్రమున చెప్పబడినవి. 1921లో ఆ తామ్రశాసనము త్రవ్వకములలో దొరకినది. తన దేశపు విద్యార్థులను పంపు రాజు, వారి వసతి వ్యయమునుగూడ ఆలోచించినాడని దీనివలన తెలియుచున్నది.

విద్య యంతయు నలందలోనే యుండెనని తలంచుటయు పొరపాటు. హ్యూన్‌త్సాంగు నలందలో చదివిన పిమ్మట దక్షిణమునకు వచ్చి, వేంగి రాజధానిగాగల ఆంధ్రమును, ధాన్యకటకమును దర్శించెను. ఇచ్చటివారి భాష మధ్యదేశపు భాషకంటె వేరనియు, లిపి చాలవరకు ఒకటే యనియు వ్రాసెను. ధాన్యకటకమున పూర్వశైల, అపరశైల విహారములు ప్రాభవము గోల్పోయియున్నను, సుభూతి, సూర్యుడు అను ఇరువురు భిక్షువులు ఆయనకు తారసిల్లిరి. కొన్ని నెలలు వారియొద్ద నిలిచి ఆయన మహాసాంఘికుల మూలాభిధర్మమును చదివెను. వారు ఆయనయొద్ద మహాయాన శాస్త్రములను చదివిరి. పిమ్మట మువ్వురును కలిసి తీర్థయాత్ర చేయ సంకల్పించిరి. నలందలో శీలభద్రుని పాదములచెంత కూర్చున్న పరదేశి ఇచ్చట ఏకకాలమున శిష్యుడును గురువును అయ్యెను. ద్వారపాలకుని ప్రశ్నలు లేవు, నూటయిరువది తమలపాకులును లేవు. విద్యావినిమయమన్న మాటకు ఈ శిథిల విహారముల ఘట్టము నలందకంటె మంచి నిదర్శనమని నాకు తోచుచున్నది.

చదువు ముగించినవారికి పుస్తకములతో ఇల్లు చేరుట మరియొక పరీక్ష. ఇత్సింగు 685లో నలంద వీడి ఐదులక్షల శ్లోకముల గ్రంథరాశితో శ్రీవిజయము చేరి అనువాదములకు పూనుకొనెను. 689లో కాగితములు, సిరా, లేఖకులు కావలెనని జాబు వ్రాసి, దానిని ఒక ఓడలో నిచ్చుటకు పోయెను. అంతలో గాలి యనుకూలింపగా వర్తకులు తెరచాపలెత్తిరి. జాబుతోకూడ ఇత్సింగు గ్వాంగ్జౌకు పోయెను, గ్రంథములు శ్రీవిజయముననే మిగిలెను. సహాయకులను గూర్చుకొని ఆ యేడే మరల వెనుకకు వచ్చెను. సుమారు నాలుగువందల గ్రంథములతో లోయాంగు నగరము చేరుటకు 695 వఱకు పట్టినది.

హ్యూన్‌త్సాంగు 645లో ఆరువందల యేబదియేడు గ్రంథములతో చాంగాన్ చేరెను. కాని తిరుగుప్రయాణమున సింధునది దాటునపుడు పడవ యలలకు ఊగి, ఏబది గ్రంథములు, ఆయన సేకరించిన పూలమొక్కల విత్తనములు నీటిపాలైనవి. ఏడేండ్ల తరువాత మహాబోధి భిక్షువులు ఒక దూతచేత క్షేమలేఖలను, రెండు తానుల తెల్లని నూలుబట్టను పంపిరి. 654లో ఆ దూత మరలిపోవునపుడు హ్యూన్‌త్సాంగు శీలభద్రుని శిష్యుడగు జ్ఞానప్రభునకు ప్రత్యుత్తరము వ్రాసెను. గురువు మరణవార్త విని తాను పొందిన దుఃఖమును, జరుగుచున్న అనువాదములను అందు నివేదించెను. పిమ్మట సింధునదిలో ఒక మోపు గ్రంథములు పోయినవనియు, వాటి పేర్లు క్రింద వ్రాయుచున్నాననియు, ఇటు వచ్చువారెవరైన నున్నచో వారిచేత పంపవలసినదనియు ప్రార్థించి, ఆ జాబితాను జతచేసెను.