ఆటిజం: జరుగుచున్న హద్దులు

భద్రాచలము హద్దులు ఎన్నిమారులు మారినవో ఖమ్మము వారికి చెప్పనక్కరలేదు. 1959లో ఆ తాలూకా తూర్పుగోదావరి నుండి ఖమ్మము జిల్లాలో కలిసినది. 2014లో దాని చుట్టునున్న కొన్ని మండలములు ఆంధ్రప్రదేశ్‌కు పోయినవి. 2016లో పట్టణము భద్రాద్రి కొత్తగూడెము జిల్లాకు చేరినది. కోయగూడెములు మాత్రము ఉన్నచోటనే ఉన్నవి. ఆటిజం అను మాట చరిత్రయు కొంత ఇట్టిదే.

1943లో అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లలను గూర్చి వ్రాసినాడు. ఎవరితోను కలియక, ఏ చిన్న మార్పును సహింపని పిల్లలు వారు. మరుసటి యేట వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్, చక్కగా మాటలాడుచునే తోటివారితో మెలగలేని బాలురను వర్ణించినాడు. 1980లో అమెరికా మనోవైద్యుల గ్రంథమున ఈ స్థితికి ప్రత్యేక స్థానము దొరికినది. 1994లో ఆస్పెర్గర్ పేరు చేరినది. 2013లో అన్నియు ఒకే గొడుగు క్రిందికి వచ్చినవి. ఆ దేశమున లెక్క తీసిన ప్రాంతములలో, ఎనిమిదేండ్ల పిల్లలు 150 మందికి ఒకరని 2000లో తేలగా, 2022లో 31 మందికి ఒకరని తేలినది. తమ కూర్పు వలన లెక్క మితిమీరినదని 1994 గ్రంథమునకు నాయకుడైన అలెన్ ఫ్రాన్సెసే వాపోయినాడు. వెనుక మందబుద్ధులని త్రోసివేయబడిన బిడ్డలే నేడు సరియైన పేరుతో కనబడుచున్నారని ఎదుటివారి వాదము. రెంటను నిజమున్నదని మాకు తోచును.

మన అడవి అంచున ప్రశ్న వేరు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున అంగన్‌వాడీ పిల్లలను పరీక్షించు అంశములలో ఆటిజమును ఉన్నది. ఇంట కోయమాట మాత్రమే విన్న బిడ్డ, తెలుగు ప్రశ్నకు పలుకక, క్రొత్తవారి కన్నులలోనికి చూడక నిలిచినచో, అది లక్షణమా, బిడియమా? అటు చూచిన, నిజముగా మాట రాని బిడ్డను “మెల్లగా వచ్చునులే” అని పెద్దలు ఏండ్ల తరబడి ఊరకుందురు. సికిందరాబాదులోని జాతీయ సంస్థకు పోవలెనన్న రమారమి 300 కిలోమీటర్లు. కూలి దినములు పోవును.

2016 నాటి చట్టము ఆటిజమును వైకల్యముల పట్టికలో చేర్చినది. ధ్రువపత్రము కాగితమే గాని, పింఛను దానిని అనుసరించియే వచ్చును. కావున నగరములలోని అతినిర్ధారణ భయమును ఇచటికి తెచ్చి బిడ్డలను త్రిప్పి పంపుట న్యాయము కాదు. పిలిచిన తిరిగి చూచునా, కావలసినదానిని వ్రేలితో చూపునా, తోటిపిల్లలతో ఆడునా అని తల్లిని కోయభాషలో అడుగగలవారు ముందు కావలెను.