యంత్రముతో వచ్చు పుస్తకము

క్రొత్త రేడియో పెట్టెను గాని కుట్టుమిషనును గాని కొని తెచ్చిననాడు దానితోపాటు ఒక చిన్న పుస్తకము వచ్చును. దానిని చదువువారు కొందరే. వ్రాసినవాని పేరు సాధారణముగా దానిపై నుండదు. అయినను ఈ వ్రాతకు పెద్ద చరిత్ర కలదు.

ఆస్ట్రోలేబు అనునది సూర్యనక్షత్రముల ఎత్తును కొలిచి కాలమును గుణించుటకు ఉపకరించు లోహపు పళ్లెము. మన దేశమున దీనిని యంత్రరాజమనిరి. ఫిరోజ్‌షా తుగ్లక్ ఆస్థానమున మహేంద్రసూరి 1370లో దీనిపై సంస్కృత గ్రంథమును రచించెను. అది పండితులకు. ఇరువది యేండ్ల పిమ్మట, 1391 ప్రాంతమున, ఆంగ్లకవి ఛాసరు అదే యంత్రమును గూర్చి లూయీ అను పదేండ్ల బాలునికి వ్రాసెను. అతనిని తన కుమారుడని సంబోధించెను. ఆ దేశములలో అప్పటికి శాస్త్రమునకు లాటినే రాచబాట. బాలునకు లాటిను అంతగా రాదు. కావున ఛాసరు ఇంగ్లీషులో వ్రాసెను. ఆక్స్‌ఫర్డు అక్షాంశమునకు సరిపోవు యంత్రమును చేతికిచ్చి, ముందు దాని భాగములను, పిదప ప్రయోగములను చెప్పెను. చెప్పినదే మరల చెప్పితినని పెద్దలు ఆక్షేపింతురేమో యని ముందుగానే మన్నింపు కోరెను. ఎంత వినయము! ఐదు భాగములు సంకల్పించెను గాని మనకు దక్కినవి రెండే.

1935 అక్టోబరు 30న అమెరికాలోని డేటన్ చెంత బోయింగువారి పెద్ద విమానమొకటి పైకెగసి కూలెను. నేలపై నున్నప్పుడు చుక్కాని పలకలు గాలికి కదలకుండ బిగించు గడియను తీయ మరచిరి. ఇద్దరు మరణించిరి. నడిపినవాడు అనుభవశాలియే. అప్పటినుండి, ఎగురుటకు ముందు సరిచూడవలసిన అంశములను వరుసగా వ్రాసి పైలట్ల చేతికిచ్చిరి. ఆ చిన్న పత్రమును ఛాసరు గ్రంథమునకు తోబుట్టువుగా నెంచుట తగును.

రెండవ ప్రపంచయుద్ధమున యంత్రములు పెరిగి, ఈ వ్రాతయే జీవనోపాధిగా గలవారు బయలుదేరిరి. 1953లో బోస్టను, న్యూయార్కు నగరములలో సంఘములు కట్టుకొనిరి. ఆ పరంపరలోని సంఘము 2025లో మూతపడెను. వృత్తి మాత్రము నిలిచియున్నది.

పనిముట్ల మాట వేరు. టైపురైటరు నాడు ఒక వాక్యము మారినచో పుటయంతయు మరల కొట్టవలసి వచ్చెడిది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో యూనిక్సు బృందమువారు, పత్రములను కూర్చు సాధనమును చేసియిత్తుమని చెప్పి, పి.డి.పి.-11 కంప్యూటరును సంపాదించిరి. 1971లో అచ్చటి పేటెంటు శాఖ టైపిస్టులు దానిపై దరఖాస్తులను సిద్ధపరచిరి. పంక్తులకు అంకెలు వేయు పని కూడ యంత్రమే చేసెను.

ఆ బృందమువారి కరదీపిక తేదీ 1971 నవంబరు 3. అందు ఆజ్ఞల వివరణల చివర ‘దోషములు’ అను శీర్షిక కానవచ్చును. తాము చేసినది ఎచ్చట తప్పునో నిర్మాతలే వ్రాసి చెప్పుట! అంగడిలో అమ్ముడు వస్తువుల పుస్తకములలో ఇట్టి శీర్షిక నేటికిని అరుదు. లోపమును వర్ణింపబూని, వర్ణించుటకంటె దిద్దుటయే మేలని తోచి, ప్రోగ్రామునే మార్చిన సందర్భములు కలవని ఆ బృందమువారు తరువాత చెప్పిరి.