హెక్సేన్‌తో నరాలకు ముప్పు: కాళ్ల తిమ్మిర్లను తేలిగ్గా తీసుకోవద్దు.. తవుడు నూనె ప్లాంట్ల కార్మికులు తెలుసుకోవాల్సినవి

ఎడపల్లి (నిజామాబాద్): నిజామాబాద్-బోధన్ రూట్‌లోని ఎడపల్లి ప్రాంతం వరి సాగుకు, రైస్ మిల్లులకు పేరు. ఒడ్లు ఆడించినప్పుడు వచ్చే తవుడు సాల్వెంట్ ప్లాంట్లకు వెళ్తుంది. అక్కడ తవుడు నుంచి నూనెను లాగేది హెక్సేన్ అనే ద్రావకం. దీని ఆవిరిని నెలల తరబడి పీల్చితే కాళ్లు, చేతుల నరాలు దెబ్బతింటాయి. లక్షణాలు షుగర్ జబ్బులా ఉండటంతో అసలు కారణం బయటపడక ఆలస్యమవుతుంది.

ఏమిటీ హెక్సేన్?

పెట్రోలియం నుంచి తీసే, రంగు లేని ద్రవం. పెట్రోల్ లాంటి వాసన ఉంటుంది. సుమారు 69 డిగ్రీల సెల్సియస్ వద్దే మరుగుతుంది. తవుడులో నూనె తక్కువ కాబట్టి గానుగతో పూర్తిగా రాదు. అందుకే హెక్సేన్‌లో నూనెను కరిగించి, తర్వాత వేడి చేసి హెక్సేన్‌ను ఆవిరిగా వేరు చేస్తారు. ఆ ఆవిరిని చల్లబరిచి మళ్లీ వాడుకుంటారు. అంటే నూనె వాడే వాళ్ల కన్నా, ప్లాంట్‌లో ఆ ఆవిరి మధ్య పనిచేసే వాళ్లకే ముప్పు ఎక్కువ.

ఈ ఆవిరి గాలి కన్నా దాదాపు మూడు రెట్లు బరువు. కిందికి దిగి గుంతల్లో, ట్యాంకుల అడుగున నిలుస్తుంది. ట్యాంకర్ దించేవాళ్లు, లీకైన పైపులు బిగించేవాళ్లు, ఎక్స్‌ట్రాక్టర్ లోపలికి దిగి శుభ్రం చేసేవాళ్లు, నూనె తీసిన తవుడును బస్తాలకెత్తే హమాలీలు ముందుగా దీని బారిన పడతారు.

ఒంట్లో ఏం జరుగుతుంది?

ఎక్కువ మోతాదులో పీల్చితే వెంటనే తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండటం కనిపిస్తాయి. బయట గాలికి వస్తే చాలావరకు తగ్గిపోతాయి. అసలు ప్రమాదం ఆ తర్వాతిది. కాలేయం హెక్సేన్‌ను 2,5-హెక్సేన్‌డయోన్ అనే పదార్థంగా మారుస్తుంది. ఇది పొడవైన నరాలను ముందుగా దెబ్బతీస్తుంది. అందుకే లక్షణాలు పాదాల్లో మొదలవుతాయి:

• రెండు పాదాల్లో తిమ్మిర్లు, మొద్దుబారడం
• చెప్పు జారిపోయినా తెలియకపోవడం
• నడుస్తుంటే పాదం వేలాడి తట్టుకోవడం, మెట్లెక్కలేకపోవడం
• తర్వాత చేతుల్లో పట్టు తగ్గడం, గుండీలు పెట్టుకోలేకపోవడం

పని మానేశాక కూడా కొన్ని వారాలు, నెలల పాటు బలహీనత పెరగొచ్చు. ఆ తర్వాతే మెల్లగా కోలుకుంటారు. దీనికి విరుగుడు మందు లేదు. హెక్సేన్‌కు దూరం కావడమే ప్రధాన చికిత్స, దానితోపాటు ఫిజియోథెరపీ. కోలుకోవడానికి నెలల నుంచి ఒకటి రెండేళ్లు పట్టొచ్చు. బాగా ముదిరితే బలహీనత కొంత మిగిలిపోతుంది.

చైనాలో ఏం జరిగింది?

చైనాలోని సుఝౌలో విన్‌టెక్ సంస్థకు చెందిన ఫ్యాక్టరీలో టచ్‌స్క్రీన్లు తుడవడానికి ఆల్కహాల్ బదులు త్వరగా ఆరే హెక్సేన్ వాడారు. ఫలితంగా 137 మంది కార్మికుల ఆరోగ్యం దెబ్బతిన్నట్టు 2011లో యాపిల్ తన నివేదికలో ఒప్పుకుంది. అంతకు చాలా ముందే, 1960ల్లో జపాన్‌లో చెప్పుల జిగురుతో పనిచేసిన వాళ్లలో ఇదే జబ్బు బయటపడింది.

మన దగ్గర సాల్వెంట్ పేరు వినపడేది మంటలు లేచినప్పుడే. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ఎసెన్షియా ఫార్మాలో సాల్వెంట్ ఆవిరి పేలి 17 మంది చనిపోయారు. నరాలు మెల్లగా చచ్చుబడితే మాత్రం అది ప్రమాదాల లెక్కలోకి రాదు.

డాక్టర్‌కు ఏం చెప్పాలి?

ముందుగా చేసే పని చెప్పాలి. "సాల్వెంట్ ప్లాంట్‌లో ఇన్ని నెలలుగా చేస్తున్నా" అని చెప్పకపోతే షుగర్, విటమిన్ బీ12 లోపం, మద్యం అలవాటు వైపే అనుమానం వెళ్తుంది. నరాల పనితీరు తెలిపే నెర్వ్ కండక్షన్ పరీక్షతో దెబ్బ ఎంతో తెలుస్తుంది. ఇంకా పనిలో ఉన్నవాళ్లకు మూత్రంలో 2,5-హెక్సేన్‌డయోన్ పరీక్ష ఉపయోగపడుతుంది. పని మానేసిన కొద్ది రోజులకే అది మూత్రంలో కనిపించకుండా పోతుంది.

ప్లాంట్‌లో ఏం ఉండాలి?

అమెరికా సంస్థ నియోష్ సిఫార్సు చేసిన పరిమితి, పని గంటల సగటుగా, గాలిలో 50 పీపీఎం. వాసన తెలిసేసరికే అది దాటి ఉండొచ్చు. పైగా కాసేపటికి ముక్కు అలవాటు పడి వాసనే తెలియదు. అందుకే గాలిని మీటర్‌తో కొలవాలి. గుడ్డ మాస్కు, రుమాలు ఆవిరిని ఆపవు. బయట పనికి ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ మాస్కు కావాలి. ట్యాంకులోకి దిగాలంటే అదీ చాలదు. ఆవిరి పూర్తిగా పోగొట్టి, ఆక్సిజన్ కొలిచి, బయటి నుంచి గాలి అందే పరికరంతో, పైన ఒకరిని కాపలా పెట్టి దిగాలి.

చట్టం ఏమంటోంది?

భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. విత్తనాలు, తవుడు లాంటి వాటి నుంచి నూనె తీయడాన్ని ఆ చట్టం ప్రమాదకర ప్రక్రియల జాబితాలో పెట్టింది. దాని ప్రకారం పనిలో పెట్టే ముందు, తర్వాత 12 నెలలకు మించకుండా వైద్య పరీక్షలు చేయించాల్సి ఉండేది. ఆరోగ్య రికార్డును కార్మికుడికి అందుబాటులో ఉంచాల్సి ఉండేది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త వృత్తి భద్రత కోడ్‌లోనూ ప్రమాదకర ప్రక్రియల యజమానులపై ఆరోగ్య రికార్డుల బాధ్యత ఉంది.

ఈఎస్ఐ కార్డు ఉన్నవాళ్లకు వైద్యంతో పాటు, అర్హత ఉంటే ఏడాదిలో 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం సిక్‌నెస్ బెనిఫిట్ వస్తుంది. కాంట్రాక్టర్ కింద పనిచేసినా ఈఎస్ఐ వర్తిస్తుంది. బీహార్ నుంచి వచ్చే హమాలీలు జబ్బు పడి ఊరికి వెళ్లిపోతే, ఆ జబ్బుకు ఇక్కడ లెక్కే ఉండదు. అందుకే వెళ్లే ముందు వైద్య పరీక్షల కాపీలు, ఈఎస్ఐ నంబర్, ఎన్ని నెలలు ఏ పని చేశారన్న వివరం వెంట తీసుకెళ్లాలి. ఎక్కడ చూపించుకున్నా డాక్టర్‌కు కావాల్సిన మొదటి ఆధారం అదే.