బీరువాలో దాచిన జాయ్‌స్టిక్



ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమన్నారు. ఉక్కు గురించి రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను మాత్రం మా ఇంటి బీరువాలోని ఒక ఆటవస్తువు చరిత్ర రాస్తున్నాను.

1996లో ఉక్కునగరం క్వార్టర్‌లో ఉండగా అప్పుచేసి మా అబ్బాయికి 486 కంప్యూటరు కొన్నాను. చదువుకని కొన్నది కాస్తా ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ పాలైంది. ఇంటర్ పరీక్షల ముందు కోపమొచ్చి వాడి జాయ్‌స్టిక్ లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాను. పరీక్షలయ్యాక ఇస్తానన్నాను. ఇవ్వలేదు. వాడూ మళ్లీ అడగలేదు.

పోయిన సంక్రాంతికి వాడు కొడుకుతో వచ్చినప్పుడు అది బయటపడింది. “తాతయ్యా, దీన్ని ఎక్కడ పెట్టాలి?” అన్నాడు మనవడు. పెట్టడానికి చోటే లేదు!

దాని ప్లగ్గుకు 15 పిన్నులు. 1981లో ఐ.బి.ఎం. పి.సి.తో వచ్చిన పద్ధతి అది. పిడి కదిపితే లోపలి రెసిస్టెన్స్ మారుతుంది. దానివల్ల కెపాసిటర్ నిండే సమయం మారుతుంది. ఆ సమయాన్ని లెక్కగట్టి కంప్యూటరు పిడి ఎటు తిరిగిందో తెలుసుకుంటుంది. 1996లో యు.ఎస్.బి. వచ్చాక పాత పోర్టు క్రమంగా కనుమరుగైంది. ఇప్పుడు మార్పిడి అడాప్టరు కొనాలి. లోపల చిన్న సర్క్యూట్ ఉన్నదే తీసుకోండి. వట్టి వైర్లు కలిపినది పనిచేయదు.

రెండో చిక్కు వేగం. ఆనాటి కొన్ని ఆటలు ప్రాసెసర్ వేగాన్నే గడియారంగా నమ్ముకున్నవి. నేటి యంత్రంలో అవి అదుపు తప్పి పరుగెడతాయి. 2002లో వచ్చిన డాస్‌బాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు కొత్త యంత్రంలోనే పాత యంత్రాన్ని సృష్టిస్తుంది. కంట్రోల్‌తో ఎఫ్11 నొక్కితే వేగం తగ్గుతుంది, ఎఫ్12 నొక్కితే పెరుగుతుంది.

వేళ్లు బిగుసుకున్న నాబోటివారికి జాయ్‌స్టిక్ అవసరమే లేదు. ‘టెట్రిస్’కు కీబోర్డులోని బాణం మీటలు చాలు. సోవియట్ సహకారంతో మన ప్లాంటు నిర్మాణం సాగుతున్న రోజుల్లోనే, 1984లో, మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ దాన్ని తయారుచేశారు. ఆయన వాడిన ఎలక్ట్రోనికా 60 యంత్రం బొమ్మలు చూపలేదు. అందుకని బ్రాకెట్ గుర్తులతోనే దిమ్మెలు పేర్చారు. అంత సామాన్యమైన సరంజామాతో పుట్టిన ఆట ప్రపంచమంతా ఆడింది. అందుచేత, ముందు ఆటేదో తేల్చుకుని, తరువాతే పరికరం కొనండి.

అడాప్టరు వచ్చిన సాయంత్రం జాయ్‌స్టిక్ పనిచేసింది. “ఇస్తానని ఇవ్వలేదురా, తప్పు నాదే” అన్నాను. మా అబ్బాయి పిడి వదలకుండానే, “మీరు మరిచిపోయారనుకున్నాను నాన్నా” అన్నాడు. నేను మరిచిపోలేదు. ఎలా ఇవ్వాలో తెలియలేదంతే.

మీ బీరువాల్లోనూ పిల్లల వస్తువులేవైనా ఉంటే, వాళ్లు అడిగేదాకా ఆగకండి. తాళం తీయండి.

సెలవు.