సొంత దేశం దాటడానికి ఎవరి అనుమతి?

చెక్-ఇన్ అయిపోయినా శంషాబాద్‌లో ఇమిగ్రేషన్ వరస దగ్గరికొచ్చేసరికి చాలామందికి నోరెండిపోతుంది. వీసా ఉంది, టికెట్టు ఉంది. అయినా అద్దం వెనకాల అధికారి పాస్‌పోర్టు పేజీలు తిరగేసి, కెమెరాలోకి చూడమని, ఎందుకెళ్తున్నారని అడిగి, టప్పున ముద్ర కొట్టేదాకా కుదురుండదు. దేశంలోకి వచ్చేవాణ్ని ఆపారంటే సరే. సొంత దేశం నుంచి వెళ్లేవాణ్ని ఆపే హక్కు సర్కారుకెక్కడిది?

పాస్‌పోర్టు లేదని వెళ్లేవాణ్ని ఆపడానికి 1967 దాకా చట్టమే లేదు. ఉన్న 1920 నాటి పాస్‌పోర్టు చట్టం దేశంలోకి రావడం గురించే చెప్పింది. పాస్‌పోర్టు లేనివాళ్లను ఎక్కించుకోవద్దని ఓడల, ప్రయాణ సంస్థలకు ప్రభుత్వం ఆదేశాలిచ్చి పని కానిచ్చేది. ఇచ్చినా, ఇవ్వకపోయినా, ఇచ్చింది వెనక్కి లాక్కున్నా దొరల దయే. సత్వంత్ సింగ్ సాహ్నీ అనే వ్యాపారిని 1966లో అలాగే పాస్‌పోర్టులు తిరిగిచ్చేయమన్నారు. ఆయన సుప్రీంకోర్టుకెక్కారు.

అప్పుడు ప్రధాన న్యాయమూర్తి మన రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు. విదేశాలకు వెళ్లడం రాజ్యాంగం 21వ అధికరణ చెప్పే వ్యక్తి స్వేచ్ఛలో భాగమేననీ, చట్టం లేకుండా దాన్ని అడ్డుకోకూడదనీ 1967 ఏప్రిల్ 10న తేల్చారు. ధర్మాసనంలోని ఐదుగురిలో ఇద్దరు ఒప్పుకోలేదు, ముగ్గురి మాటే నెగ్గింది.

తీర్పు దెబ్బకు ఢిల్లీ ఉరుకులు పరుగుల మీద ఆర్డినెన్సు తెచ్చింది, జూన్‌కల్లా పాస్‌పోర్టుల చట్టం చేసింది. పదేళ్లకు ఆ చట్టం కిందే మేనకా గాంధీ పాస్‌పోర్టు స్వాధీనం చేసుకోబోతే, చట్టముంటే చాలదు, దాని పద్ధతీ న్యాయంగా ఉండాలని 1978 జనవరి 25న కోర్టు ఇంకో అడుగు వేసింది.

ఇదంతా చదువుకున్నవాళ్ల కథ. పదో తరగతి పాసవని కూలీకి 1983 నాటి వలసల చట్టం వేరే గడప పెట్టింది. పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అని ఉండి, సౌదీ, కువైట్, ఖతార్ లాంటి 18 దేశాల్లో ఏ దేశానికైనా పనికి వెళ్లాలంటే ముందు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే ప్రభుత్వాధికారి క్లియరెన్సు కావాలి. ఏజెంట్ల మోసాల నుంచి కాపాడాలనే పెట్టారు, ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. కానీ కరీంనగర్, నిజామాబాద్, కడప పల్లెల్లో ఏజెంట్లు దానికి అడ్డదారి ఎప్పుడో కనిపెట్టారు: విజిట్ వీసా. చుట్టపుచూపుకు వెళ్తున్నానంటే క్లియరెన్సు అక్కర్లేదు. కౌంటర్లో అధికారి నాలుగు ప్రశ్నలు ఎక్కువ అడిగేది అందుకే. ఏజెంటు నేర్పిన జవాబు అప్పజెప్పి గట్టెక్కినవాడి చేతిలో ఉద్యోగ ఒప్పందం ఉండదు. క్లియరెన్సుతో వెళ్లేవాళ్లకు తప్పనిసరిగా ఉండే 10 లక్షల ప్రవాసీ బీమా కూడా ఉండదు. అక్కడ పని చేస్తూ ప్రమాదంలో పోతే, ఇంటివాళ్లు ఆ బీమా సొమ్ము అడగడానికి కాగితమే లేదు.