హైమెండార్ఫు పండితుఁడును రాజగోండుల కళయును

బ్రిటిషు పరిపాలనాకాలమునఁ గృష్ణామండలమందలి తిరువూరు తాలూకా మదరాసు రాజధానిలోనిది. దాని యుత్తరపుటెల్ల దాఁటినచో నైజాము రాజ్యము. ఒక్క తెలుగుసీమయే రెండు ప్రభుత్వముల నడుమఁ జీలియుండుటచే, ఆవలి కొండజాతుల విద్యలనుగూర్చిన పరిశోధనము వేఱుగనే పెరిగినది. దానికిఁ బునాది వేసినవారిలో క్రిష్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫు ముఖ్యుఁడు. కళ దేనినిబట్టి నిలుచును, దేనిచే నశించును అను ప్రశ్నకు ఈతని జీవితమునం దొక సమాధానము గానవచ్చుచున్నది.

హైమెండార్ఫు 1909లో ఆస్ట్రియా రాజధానియగు వియన్నాలో జన్మించెను. ఆ నగరవిశ్వవిద్యాలయమున మానవశాస్త్రము నభ్యసించి 1931లో డాక్టరు పట్టమును బొందెను. పిదప లండనులో మలినోవ్‌స్కీ పండితుని గోష్ఠులయందుఁ బాల్గొని, 1936లో అస్సాము కొండలలోని నాగజాతులనడుమ నివసించెను. 1939లో రెండవ ప్రపంచయుద్ధ మారంభమగునాఁటి కాతఁడు హిందూదేశముననే యుండెను. అంతకు ముందటి యేఁడు ఆస్ట్రియా జర్మనీలోఁ గలిసిపోవుటచే నాతని యొద్ద నున్నది జర్మను ప్రయాణపత్రము. కావున నాంగ్లప్రభుత్వ మాతనిని శత్రుదేశీయునిగా నెంచి నిర్బంధించి, పిమ్మట నైజాము రాజ్యమున నుండుట కనుమతించెను. ఆ నిర్బంధమే తెలుగుదేశమునకు లాభమైనది. అమరాబాదు పీఠభూమియందలి చెంచులను, గోదావరీతీరపుఁ గొండరెడ్లను, ఆదిలాబాదు రాజగోండులను ఆతఁడు వరుసగాఁ బరిశీలించెను. భార్య ఎలిజబెత్ బర్నార్డో యీ పరిశోధనలయందు వెంట నుండెను. చెంచులనుగూర్చిన గ్రంథము 1943లో, కొండరెడ్లనుగూర్చినది 1945లో, రాజగోండులనుగూర్చినది 1948లో వెలువడినవి.

గోండులకుఁ గథాగానము, వాద్యము, నృత్యము, వేషము అనునవి దేవకార్యమునుండి వేఱు గావు. వారి వంశగాథలను గానము చేయువారు ప్రధానులు. కిక్రి యను తంత్రీవాద్యమును గమానుతో మ్రోయించుచు, గుహలో బంధింపఁబడిన దేవతలను విడిపించిన పహండి కుపార్ లింగాలుని కథను వారు పాడుదురు. ఇంట మరాఠీ మాటాడువారయ్యు గాథను గోండీభాషలోనే పాడుట విశేషము. ప్రతి ప్రధానునకును వంశపరంపరగాఁ గొన్ని గోండుకుటుంబములు పోషకులు. వారొసఁగు ధాన్యము, పశువులు, వస్త్రములే యాతని జీవనాధారము. ఈ గాథలను హైమెండార్ఫు సేకరించి, పురాణమును బూజావిధితోఁ గలిపి చదువవలె నని తన 1948 నాఁటి గ్రంథమునఁ జూపెను.

దీపావళినాళ్లయందలి దండారియు నిట్టిదే. నెమలియీఁకల కిరీటమును, మేనఁ బూసిన బూడిదయు, చేత దండమును గల గుస్సాడీలు జట్టుతోఁ బొరుగూళ్లకుఁ బోదురు. దీక్ష ముగియువఱకు వారు స్నానము చేయరు. ఆతిథ్య మొసఁగిన యూరితో బాంధవ్యము దృఢమగును. వివాహసంబంధములకు మాటలు నడచుటయుఁ గలదు. దండారి చూపఱ వినోదమునకై కల్పింపఁబడినది కాదు. ఊళ్లను గలుపు కట్టుబాటు.

ఇట్టి కళకు భూమి యాధారము. దున్నుకొనుచున్న యడవిభూములనుండి గోండులను వెడలఁగొట్టుటచేఁ గలిగిన యలజడిలో 1940లో జోడెఘాటున కుమరం భీము హతుఁడయ్యెను. కారణములను విచారించుటకు నైజాము ప్రభుత్వము హైమెండార్ఫును నియోగించెను. గాథలను వ్రాసికొని మరలిపోవుటకు మాఱుగా నాతఁడు గోండులకు భూమిపట్టా లిప్పించుటకుఁ బాటుపడెను. 1943లో మార్లవాయి గ్రామమున గోండు ఉపాధ్యాయులకు శిక్షణకేంద్ర మేర్పడెను. సేతుమాధవరావు పగడీ మొదలగు నధికారు లీ కార్యమునకుఁ దోడ్పడిరి. 1945 మొదలు 1949 వఱకు హైమెండార్ఫు కొండజాతుల విషయమునఁ బ్రభుత్వమునకు సలహాదారుగా నుండెను. పోషకునకుఁ బొలము లేనిచోఁ బ్రధానునకు ధాన్యము లేదు. ఊరు చెదరినచో దండారికి స్వాగత మిచ్చువారు లేరు. కావునఁ బట్టాల కొఱకైన ప్రయత్నమును గళాపరిశోధనమునుండి విడఁదీసి చూడరాదు.

1949 నుండి హైమెండార్ఫు లండను విశ్వవిద్యాలయమునకుఁ జెందిన ప్రాచ్య ఆఫ్రికా విద్యాసంస్థలో బోధించి 1976లో విశ్రాంతి గైకొనెను. ఆతఁడు తీసిన ఛాయాచిత్రములు వేలకొలఁదిగా నా సంస్థయందు భద్రపఱుపఁబడినవి. కాని పిమ్మట నాదిలాబాదునకు మరలివచ్చి చూడఁగా, గిరిజనభూముల రక్షణకై 1959లోను, 1970లోను శాసనములు వెలసియు, అనేక క్షేత్రము లన్యుల పాలై యుండెను. ఆ దుఃస్థితిని 1982 నాఁటి తన గ్రంథమున దాఁపక వ్రాసెను. 1987లో భార్య హైదరాబాదున మరణింప, ఆమె సమాధి మార్లవాయిలో నేర్పడినది. 1995లో ఆతఁడును గతించెను.

మార్లవాయి వాసియగు గుస్సాడీ నర్తకుఁడు కనకరాజు 2021లో పద్మశ్రీ పురస్కారమును బొంది 2024లో పరమపదించెను. నర్తకునకు రాజసన్మానము లభించుట సంతోషకరమే. అయినను దండారి నాహ్వానింపఁగల యూరును, ప్రధానునకు ధాన్యము గొలువఁగల పొలమును నిలిచినప్పుడే యా సన్మానము సార్థకమగును. గోండుల కళను గూర్చి పరిశోధించువారు గాథలను లెక్కించుటతోఁ దృప్తినొందక, వారి భూమి యెవరిచేత నున్నదో కూడ విచారింపవలసియున్నది.